ఎంటర్ మింగిన డబ్బా

అంబులెన్స్ కంట్రోల్ రూములో అక్క హెడ్‌ఫోన్ మైకుని అరచేత్తో మూసి, అక్కడి సాఫ్ట్‌వేర్ రాసిన తమ్ముడి మీద విరుచుకుపడింది.

“నేను కొత్త కాల్ అడ్రసు టైపు చేస్తుంటే నీ మెసేజి డబ్బా ఎందుకురా స్క్రీన్ మీదికి ఎగిరొచ్చింది?”

“ఏ బండైనా ఆలస్యమైతే ‘రద్దు చేయాలా’ అని అడుగుతుందక్కా. అర్జెంటని ముందుకొచ్చేలా పెట్టాను.”

“అడిగితే అడగనీ. నా కీబోర్డు లాక్కోమని ఎవడు చెప్పాడు?”

“చూసుకోకుండా ఎంటర్ కొట్టింది నువ్వే కదా.”

“కొట్టాను, నా అడ్రసుకి! దాన్ని నీ డబ్బా ‘అవును’ కింద మింగేసి, సగం దారిలో ఉన్న బండిని వెనక్కి తిప్పేసింది.”

“ఇంకోటి పంపావుగా.”

“పంపాను.” ఆమె హెడ్‌ఫోన్ తీసి వాడి నెత్తిన పెట్టింది. “పెళ్లాం తల ఒళ్లో పెట్టుకుని మొదటి బండి కోసం ఫోన్ చేసినాయన ఇంకా లైన్లోనే ఉన్నాడు. అదెందుకు రాలేదో నువ్వే చెప్పు.”