ఆథల్ బండి హారన్

శనివారం మధ్యాహ్నం, కుల్బార్ ఫుట్‌బాల్ గ్రౌండు. బంతిని చేత్తోనూ పట్టే రకం ఫుట్‌బాల్. మైదానం హద్దు గీత చుట్టూ చూసేవాళ్ళ కార్లు. పాత బండిలో ఆథల్. అప్పుడే తలుపు తీసుకుని పక్కన కూర్చుంది కూతురు గ్లెనిస్, క్లబ్బు ప్రెసిడెంటు.

"మాంసం కూరిన మీట్‌పై తెచ్చా, వేడిగా ఉంది. తిను. సాయంత్రం మీటింగులో చెయ్యెత్తుతావా, ఎత్తవా?"

"సాస్ వేయించావా?"

"వేయించా. మాట దాటెయ్యకు నాన్నా."

"ఎవరు దాటేస్తున్నారే? ఎత్తను. చెప్పాగా."

"జట్టుకి పద్దెనిమిది మంది కావాల్సిన చోట పద్నాలుగు మంది మిగిలారు. డన్‌మోర్ క్లబ్బుతో కలవకపోతే వచ్చే ఏడు క్లబ్బే ఉండదు."

"పోతే పోనీ. నా పళ్లు రెండు వాళ్ళ గ్రౌండులోనే ఉన్నాయి ఇంకా."

"నలభై ఏళ్లనాటి మాట!"

"మళ్ళీ మొలిచాయా మరి? అయినా ఒకసారి కలిసి చూశాంగా. కుల్బార్‌తో కలిస్తే మన యారిన్ క్లబ్బు బతుకుతుందన్నారు. ఏం బతికింది? పేరులో ముందు మనదే పెట్టి, గ్రౌండు వాళ్ళది ఉంచారు. మన గ్రౌండులో ఇప్పుడు బార్లీ. గోలు స్తంభాలు చేలో దిష్టిబొమ్మల్లా నిలబడున్నాయి."

"యారిన్‌లో బడే మూసేశారు. ఆడేవాళ్ళేరి నాన్నా?"

"నాకు తెలీదూ?"

"అమ్మ కుల్బార్ పిల్లే కదా. అమ్మతో కలవలేదూ?"

"మీ అమ్మా! పెళ్లయ్యాక కూడా ఒక్క ఆటకీ మన వైపు కూర్చోలా. అదిగో, ఆ షెడ్డు పక్కన కారు ఆపుకుని, వాళ్ళు గోలు కొట్టినప్పుడల్లా హారన్ మోగించి నన్ను ఉడికించేది."

"క్లబ్బులు కలిశాక మాత్రం ఏ ఊరివాడు కొట్టాడని చూడకుండా మోగించింది, పోయేదాకా. నువ్వే ఇరవై ఏళ్లుగా ఒక్కసారీ మోగించలేదు. చుట్టూ కార్లన్నీ మోత మోగిస్తుంటే ఈ బండొక్కటే మూగది. పాత యారిన్ వాళ్ళు నిన్ను చూసే చెయ్యెత్తుతారు. నీకు తెలుసు."

"యారిన్ గోలు కొడితే మోగిస్తా."

"నాన్నా, అటు చూడు! బంతి లాకీ చేతికొచ్చింది!"

"చూస్తూనే ఉన్నా. గాలి చూసుకోరా మనవడా... ఎడమకి, ఎడమకి... తొందరపడకు వెధవా... పడింది! పడిందే!"

"గోలు! హారన్ కొట్టు నాన్నా!"

"చేతిలో తిండి ఉంది."

"జరుగు, నేనే కొడతా. ఇదేంటి... మోగదేం? హారన్ పాడైపోయింది!"

"పాడవలా."

"మరి?"

"వైరు పీకేశా."

"ఎప్పుడు?"

"కలిసిన ఏడే. రెండాటలయ్యాక."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పను... వీళ్ళు గోలు కొడితే చెయ్యి ఆగేది కాదు. కలవొద్దని అందరి ముందూ అన్నేసి మాటలన్నాక, ఏ మొహం పెట్టుకుని మోగించను?"

"ఇరవై ఏళ్లు! అమ్మకి తెలుసా?"

"నేను వైరు పీకుతుంటే టార్చి పట్టుకుంది ఎవరనుకున్నావ్? పడీ పడీ నవ్వింది."

గ్లెనిస్ చేతి వెనకతో కళ్ళు తుడుచుకుంది.

"ఏడవకు. నువ్వేడిస్తే నాకూ వస్తుంది. సీటు కింద పట్టకారు ఉంది, తియ్యి. వెళ్ళి బానెట్ ఎత్తు."

"మరి సాయంత్రం?"

"ముందు వైరు కలపనీ. డన్‌మోర్ వాళ్ళు కొడితే మాత్రం మోగించను, ఇప్పుడే చెప్తున్నా. మొదటి రెండాటలూ."