అన్నంతో వియ్యం

ఆదివారం సాయంత్రం టీవీలో సినిమా మొదలయ్యేలోపు మా చాల్ అనే ఒంటిగదుల ఇళ్ల వరసలో మూడో అంతస్తు గ్యాలరీలో నలుగురూ చేరతారు. అక్కడ మా ఆయన మొగులయ్య నోరు విప్పితే కింద కామాఠిపురా గల్లీలో పోయే తోపుడుబండి కూడా ఆగుతుంది. ఆ రోజు కింది అంతస్తు బుచ్చన్న నాగ్‌పాడా నుంచి వేడి వేడి మిరపకాయ బజ్జీల పొట్లం తెచ్చి, విప్పి, సరిగ్గా ఆయన మోకాలి ముందు పెట్టాడు.

నేను పొట్లం మీంచి కళ్లు తిప్పలేదు.

పోయిన గణపతి పండుగ ముందు ఈ మెట్ల మీదే కూలిపోయాడు ఆయన. తలుపు చెక్క మీద పడుకోబెట్టి నలుగురు దించారు. ఒంట్లో చక్కెర, గుండెకు భారం, ఇట్లాగే తింటే పిల్లలకు తండ్రి మిగలడు అన్నాడు డాక్టరు. అప్పటినుంచి మెట్ల మీద చప్పుడైతే చాలు, లేచి నిలబడతాను.

ఇప్పుడు మనిషి సగమయ్యాడు. అది నిజం. ఆ గర్వం నాకూ ఉంది. మిగతాది ఆయన నోటనే వినండి.

"ఏం జేసినవే మొగులన్నా, గింతగనం తగ్గినవ్?" అన్నాడు బుచ్చన్న.

"పెద్దగేం జెయ్యలేరా. బువ్వతోని వరస మార్చిన, గంతే. ఇంతకుముందు బువ్వ నాకు బామ్మర్ది. ఎప్పుడంటె అప్పుడు ఇంట్ల జొరబడుడు, భుజం మీద చెయ్యేసుడు, 'ఇంకింత, బావా, ఇంకింత' అనుడు. బామ్మర్దిని కాదంటమా? దవఖాన నుంచి అచ్చినంక బువ్వ తలె ముందర వెట్టుకొని చెప్పిన. ఇగో, ఈయాల్టి సంది నువ్వు నాకు వియ్యంకునివి. అస్తె రాంరాం, కాళ్లకు నీళ్లు, రెండు మంచి మాటలు, మళ్ల దర్వాజ దాక సాగనంపుడు. భుజం మీద చెయ్యేసుడు బంద్."

"మరి బువ్వ ఊకున్నదా?"

"యాడ ఊకుంటది! అలిగింది. పొయ్యి మీద గంజుల మూతి ముడుసుకొని కూసున్నది. పప్పును రాయబారం పంపింది. చింతకాయ తొక్కు నన్ను జూసి కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నది. నేను కరుగుతనా? ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఒళ్లు తేలికైంది. వర్లిల మా పని, ఆకాశమంత బిల్డింగు, బొంగుల పరంజ. ఇంతకుముందు నేనెక్కుతాంటె బొంగులు అవ్వా, అయ్యా అని మొత్తుకునేటియి. ఇప్పుడెక్కితే కూసున్న కాకి గూడ లేస్తలేదు. ఒకనాడు ఓ కాకి నన్నే బొంగనుకొని భుజం మీద గూడు కట్టవట్టె. పాపం, దానిది గూడ సంసారమే గదా అని పొద్దీకేదాక కదలకుంట నిలవడ్డ."

"గుడ్లు గూడ వెట్టిందా?"

"వెట్టింది. ఒగటి జారి నా జేబుల వడ్డది."

"బాపూ, ఫేకు నకో!" లోపలినుంచి మా పెద్దపిల్ల మంగళ. కోతలు కొయ్యొద్దని మరాఠీలో మందలింపు.

"నీకేమెరుక బిడ్డా, ఇను. గప్పుడే సముద్రం దిక్కెల్లి గాలి అచ్చింది. నా లుంగీ పడవ తెరచాప లెక్క ఉబ్బింది. కాళ్లు లేసినయ్. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? వర్లి కిందికి వాయె, నేను మీదికి వోతి. నడుమల ఓ మిల్లు చిమ్నీ కనవడితే దాని మీద జర సేపు కూసొని బీడీ ముట్టించుకున్న..."

ఆయన కుడిచెయ్యి ముందుకు జరిగింది. కథ చిమ్నీ దాటేసరికి చెయ్యి పొట్లం అంచు మీదికి వచ్చింది. ఆ సంగతి ఆయనకే తెలియదు. నేనేమన్నా అంటే నలుగురిలో ఆయన పరువు పోతుంది. అనకుంటే మనిషే పోతాడు.

"మళ్ల లేసి నాగ్‌పాడ మీదికి రాంగనె, కింద పోరగాండ్లు పతంగులు ఎగిరేస్తుండ్రు. మాంజ దారమచ్చి నా మొలతాడుకు చిక్కె. గుంజుతరు, వదులుతరు, నన్నే పెద్ద పతంగి అనుకొని పందేలు గడ్తరు! ఆఖరికి ఎవడో కోసిండు. తేలుకుంట తేలుకుంట అచ్చి, గిదే మన గల్లీల కరెంటు తీగ మీద కూసున్న. తీగ జరంత గూడ ఒంగలే!"

అందరూ ఈలలేశారు. బుచ్చన్న పొట్లం ఇంకాస్త ముందుకు తోశాడు. "గంత తేలికైనోనివి, తిను అన్నా. బరువు లేకుంటె మళ్ల గాలికి వోతవ్."

"పొట్లమేందిరా, గంపెడు తిన్నా నన్నేం జెయ్యలేదు!" అని ఒక బజ్జీ ఎత్తాడు.

"ఆగు మొగులయ్యా." పక్కింటి మల్లవ్వ. చాల్‌లో అందరికన్నా పెద్దది. ఇంతసేపూ పోకచెక్క కత్తిరిస్తూ వింటోంది. "ఒక్క మాట అడుగుత. గాలిల వోయినవ్, సరే. మరి నీ ఒంటి మీది కండ యాడ వడ్డది?"

"గది... సముద్రంల వడ్డట్టుంది, అత్తా."

"పడలే. గీడనే ఉన్నది." అడకత్తెర నా వైపు తిప్పింది. "వజ్రమ్మను జూడు. మొన్న రవికెలన్నీ కుట్లిప్పి ఒదులు జేసుకున్నది. లగ్గమైన సంది నీ ఎనక గంజు గీకి తిన్న పిల్ల గది. నువ్వు మంచంల వడి పగటిపూట ఇంట్ల ఉన్నప్పుడు గద, నీ పెండ్లాం తలెల మాడుచెక్క దప్ప ఏం లేదని నీకు కనవడ్డది? గా దినం సంది గంజు నడుమల వెట్టుకొని ఇద్దరు సరిసగం తింటుండ్రు. మన నడుమల ఉన్నది చెక్కగోడ, నాకినవడదా? గీ ముచ్చటకు కాకి ఎందుకు, పతంగి ఎందుకు?"

గ్యాలరీ అంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. నేను కొంగు భుజం చుట్టూ లాక్కున్నాను.

మా ఆయన చేతిలో బజ్జీ వైపు చూశాడు. నా వైపు చూశాడు. దాన్ని నడిమికి తుంచి, అంతమందిలో, నా ముందుకు చెయ్యి చాపాడు.

"తీస్కో" అన్నాడు. అంతే. దానికి ముందూ వెనకా ఏ కథా లేదు.

తీసుకున్నాను. తన సగం తిని, పొట్లం చుట్టి బుచ్చన్న ఒళ్లో పెట్టాడు.

కింద ఎవరో దబదబా మెట్లెక్కుతున్నారు. నేను లేవలేదు.