అమ్మకు సీనియర్

కొత్త విద్యార్థులకు దారి చూపే బల్ల. ఇవతల మెడలో ‘మెంటర్’ కార్డు వేసుకున్న రెండో ఏడాది కుర్రాడు. అవతల, ఇవాళే కాలేజీలో చేరిన వాళ్లమ్మ.

“మెల్లగా మాట్లాడమ్మా. అందరూ వింటున్నారు.”

“విననీరా. దొంగతనం చేశానా? పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నాను. అది సరే, ఈ ఫారంలో ‘విద్యార్థితో బంధుత్వం’ అన్నచోట ‘లేదు’ అని రాశావేం?”

“ఉందని రాస్తే నిన్ను ఇంకో మెంటర్‌కి అప్పగిస్తారు.”

“అందుకని కన్నతల్లితో బంధుత్వం లేదంటావా? తొమ్మిది నెలలూ నా కడుపులో అద్దెకున్నావా?”

“అబ్బా. ఇంకోటి, ఇక్కడ నన్ను ఒరేయ్ అనకు. సీనియర్ని ‘అన్నా’ అనాలి. అందరూ అలాగే అంటారు.”

“నిన్ను నేను అన్నా అంటే మీ నాన్న నీకు బావవుతాడు. ఇంటికెళ్లి ఆయనకి నువ్వే చెప్పుకో.”

“పోనీ ఏమీ అనకు. క్లాసులు ఎంచుకుందాం. చరిత్ర రాసుకో. సారు మంచివాడు, జోకులేస్తాడు.”

“నాకు స్టాటిస్టిక్స్ కావాలి. సోమవారం తొమ్మిదింటిది.”

“అది వద్దు.”

“ఏం?”

“ఏమంటే... సీట్లు లేవు.”

“ఇప్పుడే ఆఫీసు కిటికీ దగ్గర అడిగొచ్చాను. పదకొండున్నాయి.”

“ఆ మేడమ్ రాక్షసి. ఏడిపించి వదిలిపెడుతుంది.”

“మీ నానమ్మ దగ్గర ఇరవై రెండేళ్లు కోడలిగా ఉన్నాను. ఆవిడ ముందు ఈవిడెంత?”

“మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యదు. నీ మోకాళ్లు...”

“నా మోకాళ్ల మీద ఇంత ప్రేమ ఎప్పట్నించి? గ్లాసుడు మంచినీళ్లు తెమ్మంటే లేవవు కదరా.”

“నీ మంచికే చెప్తున్నాను. సీనియర్‌గా చెప్తున్నాను. నువ్వు లెక్కలు వదిలేసి పాతికేళ్లయింది. తప్పావనుకో, నవ్వుతారు.”

“తప్పితే నవ్వుతారా?”

“నవ్వరూ?”

“నిన్ను చూసి ఎవరు నవ్వారు?”

“నన్నా? నన్ను చూసి ఎందుకు నవ్వుతారు? మాటవరసకి అన్నాను. అమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఆ ఒక్కటీ వదిలేసి ఇంకేదైనా తీసుకో. ఆ గదిలో నిన్ను చూస్తే నాకు తలకొట్టేసినట్టుంటుంది.”

“ఆ గదిలో నువ్వెందుకుంటావురా? నువ్వు రెండో ఏడాది కదా.”

“అంటే... ఆ పక్కనించి వెళ్తుంటాను.”

“ముందా చెమట తుడుచుకో. చూడు, ఆ క్లాసులో నాకు తెలిసినవాడు ఒకడున్నాడు. ఈ ఏడు రెండోసారి కూర్చుంటున్నాడు. ఒక్కడే వెనకబెంచీలో నక్కి ఉంటాడని బెంగ. పక్కన కూర్చుందామని.”

“ఎవరు? ఎవరు చెప్పారు నీకు?”

“ఒకరు చెప్పాలా? నీ ప్యాంట్లు ఉతికేది నేను కదరా. నువ్వు స్టాటిస్టిక్స్ తప్పిన కాగితం ఎండాకాలం నించీ నా చీరల అడుగునే ఉంది, మీ నాన్న కంట పడకుండా.”