మెరవని అతుకు

మేనకోడలు సొంతంగా చేసిన యాంప్లిఫయరు మూత విప్పి, లత పేటలోని తన రేడియో రిపేరు దుకాణంలో బల్ల మీద పెట్టాడు మేనమామ. ముందురోజు తామ్వే పేట గుడి ఉత్సవంలో ఆమె తల్లి పాట ఎత్తుకున్న కాసేపటికే అది మూగబోయింది.

“ఇదుగో, ఈ అతుకు సూడు. వేలితో కదిపితే వైరు ఊగుతోంది.”

“సోల్డరు బాగానే పట్టింది గదా మావా.”

“పట్టినట్టు కనపడతాది. మిగతావన్నీ మెరుస్తున్నాయి, ఇది బూడిదలాగుంది. సల్లారకముందే వైరు కదిపేసినావు. స్పీకరు అదిరేసరికి వదులైపోయింది.”

“మరెలా సెయ్యాలి?”

“ముందు వైరుని కన్నంలోకి దూర్చి గట్టిగా మెలెయ్యాలి. ఆ తర్వాతే సోల్డరు.”

“అమ్మ అలాగే నిలబడిపోయింది మావా. జనం నవ్వినారు. ఇంటికొచ్చినా నాతో మాటాడలేదు.”

“మాటాడదు. మీ అయ్య పోయిన కాడ్నుంచి గొంతు విప్పని మనిషి, నీ మాట మీద మైకు పట్టుకుంది.”

“అందుకే గదా ముందు నీకు తెచ్చి సూపించినాను. అంతా బాగుందన్నావు.”

“అన్నాను.”

“అప్పుడీ అతుకు కనపడలేదేటి?”

“మూత తియ్యగానే కనపడింది.”

“మరెందుకు సెప్పలేదు?”

“గుడోళ్ళు ఇన్నేళ్ళూ మైకు సెట్టుకి నన్నే పిలిసేవోరు. ఈసారి నిన్ను పిలిసినారు.”

“అక్కడ పాడింది నీ సొంత అక్క మావా.”

“తెలుసు. ఆ సోల్డరు ఐరను ఇలాగియ్యి. వచ్చే పున్నమికి గుడోళ్ళు మళ్ళీ నన్నే రమ్మన్నారు, ఈ పెట్టె నాకు పనికొస్తాది.”