హవల్దార్ ఎల్లాజీ పెట్టని సంతకం

ఇవాళ చేపల వేట మానుకుని వచ్చిన భావనపాడు బంధువులకు, డ్యూటీ దిగి యూనిఫారంతోనే ఇటు వచ్చేసిన గార్డు సోదరులకు, నౌపడ పెద్దలకు, అందరికంటే ముందు ఎల్లాజీ మాస్టారి ఇల్లాలు భారతమ్మ గారికి నమస్కారం.

నా పేరు నాగబాబు. శ్రీకాకుళంలో సెక్యూరిటీ గార్డులకు శిక్షణ ఇచ్చే సంస్థలో పనిచేస్తున్నాను. ఒకప్పుడు ఎల్లాజీ మాస్టారు కూర్చున్న కుర్చీలో రెండేళ్లుగా నేను కూర్చుంటున్నాను. ఆయన పోయి ఇవాళ్టికి పదకొండో రోజు.

నాకంటే ముందు మాట్లాడిన పెద్దాయన, మాస్టారు మెత్తని మనిషి అన్నారు. అయ్యా, మీరు ఎవరి గురించి చెప్పారు? ఆయన చేతికింద ఇరవై రోజులు నిలబడినవాడెవడైనా ఆ మాట అనగలడా? అబద్ధం చెప్పి ఆయన్ని సాగనంపొద్దు. ఆయన కర్కోటకుడు. మిలిటరీలో పద్దెనిమిదేళ్లు చేసి వచ్చినా, ఒక్క రోజు కూడా మిలిటరీ దిగని మనిషి.

మా మొదటి రోజు క్లాసు చెబుతాను. శృంగవరపుకోట దాటాక కొండ మొదట్లో ఫైరింగ్ రేంజి ఉంది. అక్కడికి బస్సులో తీసుకెళ్లారు. మూడడుగుల దూరంలో స్టూలు మీద పుచ్చకాయ పెట్టి డబుల్ బారెల్‌తో, అదే రెండు గొట్టాల తుపాకీతో, ఒక్క దెబ్బ కొట్టారు. మేం చప్పట్లు కొట్టాం. కొట్టమా మరి? తుపాకీ పేలడం అంత దగ్గర్లో ఎప్పుడు చూశాం గనక! ఆయన నవ్వలేదు. "ఏరండి" అన్నారు. "సేతుల్తో ఏరండి. ఒక్క గింజ కూడా ఉండిపోకూడదు." నలభై మందిమి ఎండలో మోకాళ్ల మీద పాకుతూ ఇసుకలోంచి గింజలు ఏరాం. రెండు గంటలు. ఒకడికి వాంతయింది. వాడు నోరు కడుక్కుని వచ్చాక మళ్లీ ఏరించారు.

నన్ను రెండుసార్లు ఫెయిల్ చేశారు. రెండోసారి నా చేతులు వణకడం చూసి, ముందురోజు తాగానని కనిపెట్టారు. తుపాకీ రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడమన్నారు. పడిపోయేదాకా నిలబెట్టారు. పడ్డాక నీళ్లు ఇవ్వలేదు. తుపాకీకి అంటిన మట్టి తుడవమన్నారు. ఆ రోజు ఆయన చచ్చిపోవాలని కోరుకున్నాను. ఈ మైకులో చెబుతున్నాను, నిజంగా కోరుకున్నాను.

ఆదాము సంగతి ఈ ఊళ్లో అందరికీ తెలుసు. ఉప్పుమడుల్లో కూలి చేసుకునే మనిషి. గన్‌మన్ అయితే నీడపట్టున ఉద్యోగం దొరుకుతుందని వచ్చాడు. పరుగులో ఫస్టు, గురిలో ఫస్టు. పందొమ్మిదో రోజు, అంటే ఇంకొక్క రోజు ఉందనగా, ఖాళీ తుపాకీని సరదాకి స్నేహితుడి గుండెల మీద పెట్టి "ఠాం" అన్నాడు. అంతే. మాస్టారు తుపాకీ లాక్కుని, సంచీ సర్దుకోమన్నారు. ఆదాము భార్య మెర్సీ చంటిపిల్లని ఎత్తుకుని వచ్చి, మా సంస్థ గేటు ముందు పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చుంది. పాస్టరు గారు వచ్చి బతిమాలారు. తుపాకీలో తూటా లేదు కదా, క్షమించండి అన్నారు. మాస్టారు ఏమన్నారో తెలుసా? "కాలీ తుపాకీ అన్నది నేదు బాబూ. కాలీ బుర్రే ఉంటాది."

ఆదాము మళ్లీ ఉప్పుమడుల్లోకే వెళ్లాడు. ఈ సభకు రమ్మని మొన్న కబురు పెట్టాను. "ఆడు నా కూడు తీసేసినాడు. నాన్రాను" అన్నాడు. రాలేదు. రానక్కర్లేదు. ఆయన్ని క్షమించమని ఎవరినీ అడగడానికి నేనిక్కడ నిలబడలేదు.

మరెందుకు నిలబడ్డాను?

రెండేళ్ల కిందట మా సంస్థకు పెద్ద ఆర్డరు వచ్చింది. బ్యాంకుల డబ్బు మోసే వ్యాన్లకు గన్‌మన్లు కావాలి, వెంటనే కావాలి. ఇరవై రోజుల శిక్షణ నాలుగు రోజుల్లో ముగించి, నలభై మందికీ సర్టిఫికెట్లు ఇమ్మన్నారు మా యజమాని నారాయణమూర్తి గారు. ముందు వరుసలోనే ఉన్నారు. ఫొటోకి అందరికంటే పెద్ద దండ వేసింది వారే. సార్, లేవకండి. కూర్చోండి. పందిరి గుమ్మం దగ్గర మనవాళ్లు నిలబడి ఉన్నారు.

మాస్టారు ఆ కాగితాలు చూసి, పెన్ను మూత కూడా తియ్యలేదు. "నాను సంతకం ఎట్టినానంటే ఆడి సేతిలో తుపాకీ నానెట్టినట్టే" అన్నారు. సాయంత్రానికి ఆయన ఉద్యోగం పోయింది. అరవై దాటిన మనిషి, బ్యాంకు గేటు దగ్గర గార్డుగా చేరారు.

కుర్చీ నాకిచ్చారు. పెన్ను మూత నేను తీశాను.

నలభై సంతకాలు. అందులో ఇరవై ఏడోది ధనరాజుది. వానలని రేంజికి బస్సు వెళ్లలేదు. ధనరాజు ఒక్క తూటా పేల్చలేదు. పది పేల్చాడని నేను రాశాను. ఇది కూడా వినండి. వాడు ఆ సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఒక్కసారైనా పేల్సనీండి. నాకు బయమేస్తన్నాది" అన్నాడు. వాడు అడిగాడు. నేనేమన్నాను? "డ్యూటీలో నేర్సుకుంటావులేరా" అన్నాను. అని నవ్వాను.

నేను రాసిన కాగితాన్ని కలెక్టరాఫీసు నమ్మింది. పోలీసు విచారణ సాగి సాగి, రెండేళ్లకు వాడి లైసెన్సు వచ్చింది. వాడూ డబుల్ బారెలే కొనుక్కున్నాడు. పోయిన నెలలో వ్యాను ఎక్కాడు. మూడో రోజు డ్యూటీ. పొద్దున పదకొండు గంటలకు వ్యాను బ్యాంకు ముందు ఆగింది. మాస్టారు ఇనుప గేటు జరుపుతున్నారు. ధనరాజు వేలు ట్రిగ్గరు మీదే ఉంచుకుని దిగాడు. కాలు మెట్టు తప్పింది.

మాస్టారు చివరగా అన్న మాట బ్యాంకు స్వీపరమ్మ విన్నది. మీరెవరూ అడగలేదు గానీ, చెబుతాను. "ఏలు తియ్యరా" అన్నారట. తుపాకీ పేలకముందు కాదు, పేలాక. రెండో గొట్టంలో ఇంకో తూటా ఉంది కదా. వాడి వేలు ఇంకా దాని మీదే ఉంది. కడుపు పట్టుకుని కింద కూర్చుని, వాడికి పాఠం చెప్పి పోయారు.

మాస్టారు పోయిన మూడో రోజున భారతమ్మ గారి కాళ్ల మీద పడ్డాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. "ఏటి రాసినావు ఆ కాయితంలో?" అని అడిగారు. చెప్పాను. "నాకు సెప్తే ఏటి లాబం? సబ ఎడతన్నారు కదా, అందరి ముందల సెప్పు. నువ్వు సంతకం ఎట్టినోల్ల అమ్మానాన్నలు ఇనాల" అన్నారు. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

అమ్మా, చెప్పాను. ఏమీ దాచలేదు.

ఇంకొక్క మాట. ఈ ఉదయం కలెక్టరాఫీసులో అన్నీ రాసి ఇచ్చి వచ్చాను. మొదటి పేరు నాది. దాని కింద ఆ బ్యాచ్‌లో మిగిలిన ముప్పై తొమ్మిది మందివి. మీలో పదకొండు మంది ఈ పందిట్లోనే ఉన్నారు. మొహాలు కనిపిస్తున్నాయి. మీ లైసెన్సులు రద్దవుతాయి, ఉద్యోగాలు పోతాయి. పిల్లల ఫీజులు కట్టాలి కదా? తెలుసు. కొందరు నన్ను చంపాలనుకుంటారు. అదీ తెలుసు. మా తప్పేముంది అంటారా? ఏమీ లేదు. తప్పు నాది, పోయేది మీ కూడు. అయినా ఇచ్చాను. బతిమాలడానికి మా ఇంటికి మీ భార్యల్ని పంపకండి. నేను తలుపు తియ్యను.

ఇక మాస్టారి కోసం రెండు నిమిషాలు నిలబడదాం. ఫోన్లు ఆపేయండి. పిల్లల్ని ఎత్తుకోండి. ఎవరూ గొణగొద్దు.

చివరి వరుస వెనకాల, స్తంభం పక్కన నేల మీద ఒకామె కూర్చుని ఉంది. వచ్చినప్పటినించి ఆమెకు ఎవరూ కుర్చీ వెయ్యలేదు, మంచినీళ్లు ఇవ్వలేదు. ఆమె లక్ష్మణమ్మ. జైల్లో ఉన్న ధనరాజు తల్లి. ఆమె కూడా ఇప్పుడు లేచి నిలబడుతోంది.

వెనక్కి తిరిగి ఆమెను చూడకండి. ఎదురుగా ఫొటోనే చూడండి.

లేవండి.