పళ్ళతో వినే ఎవెలియో

ఏంట్రా, యాక్సిలరేటర్ తొక్కితే నీ కారూ కుదుపుతోందా? కూర్చో, కాఫీ తాగు ముందు. అన్నీ మార్చేసుంటావు, ప్లగ్గులు, పాయింట్లు, కార్బురేటర్ విప్పి కడిగేసుంటావు. పెట్రోలు పైపు వేడెక్కకుండా దానికి బట్టల క్లిప్పు కూడా తగిలించుంటావు. ఆఁ, నేనూ అంతే చేశాను. ఎవెలియో ఉంటేనా... నీకు తెలీదులే, నువ్వింకా పుట్టలేదు. సియెన్‌ఫ్యూగోస్ ఊరు మొత్తానికి చెవిటి మెకానిక్ ఆయనొక్కడే. పాత గ్యాసు బండతో టైర్లకి గాలికొట్టే ట్యాంకు చేసుకుంటే అది పేలి రెండు చెవులూ పోయాయి. పోతే పోయాయని స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి, చెక్కపిడి పళ్ళతో కరిచి పట్టుకునేవాడు. ఇంజను రొద ఎముకలోంచి తెలిసేదట. మనం చెప్పాల్సింది మన బండి మడ్‌గార్డు మీద సుద్దముక్కతో రాయాలి. మా ఆవిడ ఓసారి నా గురించి పితూరీ రాసింది, నేను వారం రోజులు ఆ పితూరీతోనే ఊరంతా తిరిగాను.

సరే, ఎక్కడున్నాం? పళ్ళు. ఆయన పళ్ళన్నీ పుచ్చిపోయాయి. పళ్ళ డాక్టరమ్మ ఒక్కటీ మిగల్చకుండా పీకేసింది. ఇంకేముంది, "బోసినోటితో ఏం వింటాడు" అని జనం ఇంకో మెకానిక్ ఫెర్మిన్ షెడ్డుకి మళ్ళారు. కామగ్వే ఊరి నుంచి ఎవెలియో వాళ్ళక్క కబురు పెట్టింది, వచ్చి పందుల్ని చూసుకోమని. పందులకి పళ్ళతో పనిలేదుగా. సరిగ్గా అప్పుడే నా టాక్సీకి ఈ రోగం. ఎడమకి తిప్పితే హారన్ మోగేది, వైపరు తనకి తోచినప్పుడు లేచేది, వాటినెవడు పట్టించుకున్నాడు. కానీ ఈ కుదుపుందే, రెండో గేరులో తొక్కితే చాలు, లోపలున్న ఏడుగురూ ఒక్కసారిగా దండం పెట్టేవాళ్ళు. ఫెర్మిన్ మూడు వారాలు ఉంచుకుని కుదుపుతోపాటు పొగ కూడా కలిపి ఇచ్చాడు. చేసేదిలేక ఎవెలియో దగ్గరికి తోలుకెళ్ళాను.

వీధి వీధంతా చోద్యం చూడ్డానికి వచ్చింది, ఫెర్మిన్ కూడా. ఇది తేలకపోతే ఎవెలియో తన షెడ్డుకి తాళం వేసి కామగ్వే బస్సెక్కడమే, అది ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. ఆయన తాపీగా బోనెట్ ఎత్తి, అటూ ఇటూ వేలు పెట్టి కెలికి, నా వైపు తిరిగాడు. "ఒరే అనిసెతో, నోరు తెరు." తెరిచాను. ఇంజను ఆన్ చేయించి, స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించి, పిడి నా పళ్ళ మధ్య పెట్టాడు. ఇంకో చెయ్యి నా దవడకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. బాబోయ్, తలకాయలో మిషను ఆడినట్టే. కాసేపటికి కళ్ళు తెరిచి, "డిస్ట్రిబ్యూటర్ బుష్ అరిగింది, షాఫ్ట్ ఊగుతోంది" అన్నాడు. విప్పితే అదే, ప్లగ్గులకి కరెంటు పంచే ఆ డబ్బాలో కడ్డీ వదులై ఊగుతోంది. పాత కుళాయిలోంచి ఇత్తడి ముక్క కోసి బుష్ చేసి వేశాడు. మర్నాడు బండి నూనెలా సాగింది. నా పాసింజర్లు మాత్రం అలవాటు చొప్పున రెండో గేరు పడగానే ముందుకి వంగి నెత్తులు ఢీకొట్టుకున్నారు.

అప్పట్నుంచి ఏ కారొచ్చినా నాకు కబురు. భోంచేస్తున్నా సరే, "ఎవెలియో నీ పళ్ళు అడుగుతున్నాడు" అని వచ్చేవాళ్ళు. నాలుగేళ్ళు కొరికాను. ఇదిగో చూడు, ఈ పంటి సందు అప్పటిదే, ఓ ట్రాక్టరు ఇంజను వింటుంటే పన్ను ఊడింది.

తర్వాత ఆయన మంచాన పడ్డాడు. చూడ్డానికి వెళ్తే దగ్గరికి రమ్మని సైగ చేసి, "ఒరే, నీ దవడలో నాకు ఏనాడూ ఏమీ తెలియలేదురా. మొదటిరోజే ఆ షాఫ్ట్ వేలితో కదిపి చూసుకున్నా. అన్నీ వేలితోనే. కానీ వేలు పెట్టి చూస్తే ఎవడు నమ్ముతాడు?" అన్నాడు. నాలుగేళ్ళురా అబ్బాయ్. నాకు ఒళ్ళు మండిపోయింది. సుద్దముక్క వెతికే ఓపిక లేక నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను, వాళ్ళక్క పందుల్ని కూడా వదల్లేదు. ఆయనకి వినబడదు కదా. మెల్లగా చెయ్యెత్తి నా దవడ మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నేను ఆపబోతే వేలితో తట్టి, "కానివ్వు, కానివ్వు" అన్నాడు. తిడుతూనే ఉన్నాను, ఏడుపొస్తున్నా తిడుతూనే ఉన్నాను. ఆ బోసినోరు నవ్వుతూనే ఉంది, ఒక్కో తిట్టు దగ్గరా సరిగ్గా, అన్నీ వినబడుతున్నట్టే.

...కారెక్కడ పెట్టావు, ఎండలోనా? పద, ముందు ఆ షాఫ్ట్ వేలితో కదిపి చూద్దాం.