పచ్చ తలల బాతులు

అలకోల్ సరస్సు ఒడ్డున కుల్పాష్ చాయ్‌ఖానాలో ఆ శనివారం వేటగాళ్లంతా చేరారు. రెల్లులో ఎవరు ఏ మాటున కూర్చోవాలో చెప్పే పెద్దను ఆ రోజే ఎన్నుకోవాలి. ఆ పెద్దరికం మీద కన్నేసిన ఎసెంగెల్ది నెల రోజులుగా కనిపించినవాడికల్లా తన గొప్పలు వినిపిస్తున్నాడు.

మూలబల్ల దగ్గర దోస్మాయిల్ తాత ఒళ్లో సంచీతో కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. అడవిబాతుల్ని మభ్యపెట్టి నీళ్లలోకి దింపడానికి చలికాలమంతా కూర్చుని తొమ్మిది చెక్కబాతులు చేశాడాయన. వేటకాలం మొదలైన రోజే ఎవడో వాటిని తుపాకీతో తూట్లు పొడిచి పోయాడు. ఎవడో తెలియక వారం నుంచీ ఆయనకు తిండి సహించడం లేదు.

ఎసెంగెల్ది గొంతు సవరించుకున్నాడు.

"వేట మొదలైన రోజు తెల్లారేసరికి నేను రెల్లులో ఉన్నానా, గాలిని వీపుకి పెట్టుకుని కూర్చున్నాను, బాతు గాలికి ఎదురుగానే కదా దిగేది, అది తెలియనివాళ్లు కూడా పెద్దరికానికి తయారవుతున్నారు, సరే పోనీండి. రెండు బాతులు పడ్డాయి. ఆ మాత్రం ఎవడైనా కొడతాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు చెప్పక మానవుగా," అన్నాడెవరో.

"మగబాతుల మంద. పచ్చ తలలు మిలమిలా మెరిసిపోతున్నాయి. ఒకే ఒక్క తూటా పేల్చాను. ఒక్కటి ఎగిరితే ఒట్టు. నన్ను చూసి ఎగరడమే మర్చిపోయాయి. ప్రాణం పోయినా తల వాల్చలేదు, అంత గౌరవం."

టీ పోస్తున్న కుల్పాష్ చెయ్యి ఆగింది. "చచ్చాక కూడా తలెత్తుకునే ఉన్నాయా?"

"ఎత్తుకునే ఉన్నాయక్కా. మనిషికి రోజుకు ఐదే కదా చట్టం. నేను చట్టం తప్పే మనిషినా? ముట్టుకోకుండా సరస్సుకే వదిలేశాను. ఆ నిజాయితీ చూసి పైన పోతున్న పెద్దబాతులు కిందికి దిగి, నా కోటు ముక్కులతో పట్టుకుని అవతలి ఒడ్డుదాకా మోసుకెళ్లాయి. వాటి వరసలో ముందు ఎవరనుకున్నారు? నేనే. పక్షులే నన్ను పెద్దగా ఒప్పుకున్నాయి, మీకేం నొప్పి?"

దోస్మాయిల్ తాత లేచాడు. వారం రోజుల కోపం ఆయన గొంతులో చల్లగా పలికింది.

"సెప్టెంబర్‌లో మగబాతు కూడా ఆడబాతులాగే మట్టి రంగులో ఉంటుందిరా. పచ్చ ఈకలు అక్టోబర్ చివరికి గానీ రావు. ఆ రోజు సరస్సు మొత్తానికి పచ్చ తలలున్నవి నావే. చలి ముదిరాక వాడుకుందామని రంగు వేసి, తేలతాయో లేదోనని వదిలాను."

సంచీలోంచి చెక్కబాతును తీసి ఎసెంగెల్ది ముందు పెట్టాడు. మెడ నిండా సీసపు గుళ్లు. తల మాత్రం ఎత్తుకునే ఉంది.

ఇంకొకడైతే సిగ్గుతో తలుపు వెతుక్కునేవాడు. ఎసెంగెల్ది దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"అదే చెప్తున్నా తాతా. నా దెబ్బకు బిగుసుకుని చెక్కైపోయాయి."

ఒక్కొక్కరే దోస్మాయిల్ తాత వైపు చెయ్యెత్తారు. పెద్ద ఎవరో తేలిపోయింది. కుల్పాష్ ఎసెంగెల్ది ముందున్న కప్పు తీసేసి బల్ల తుడిచింది.

"నా పొయ్యిలోకి కట్టెలు నిండుకున్నాయి తమ్ముడూ. రేపట్నుంచి నువ్వే తుపాకీ పట్టుకుని వెళ్లు. రోజుకు ఐదు చాలు, చట్టం తప్పకు."